ఊరి బొమ్మ ఊళ్లోనే ఉండాలి: వోల్తెర్రా చిత్రశాల గురించి

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో దాదాపు 530 మీటర్ల ఎత్తున కొండ మీద ఉన్న వోల్తెర్రా పట్టణానికి రైలు వెళ్లదు. కింద కోల్లె వాల్ దెల్సా అనే ఊరిలో బస్సెక్కితే, దున్ని వదిలేసిన గోధుమ చేల మధ్య మలుపులు తిరుగుతూ ఆ బస్సు కొండ ఎక్కుతుంది. చాలాసేపటి వరకూ ఊరు ఒక పక్కన కనిపించి మాయమై మరో పక్కన కనిపిస్తూనే ఉంటుంది. నేను వెళ్లింది నవంబరు నెలలో. ఆ కొండ మీద గాలికి అడ్డు లేదు. పట్టుమని పది వేల జనాభా కూడా లేని ఆ ఊరికి నేను ఒకే ఒక్క బొమ్మ కోసం వెళ్లాను. ఆ బొమ్మ ఆ ఊరి మునిసిపాలిటీకి చెందిన చిత్రశాలలో ఉంది. చిత్రశాల ఉన్న వీధి పేరు వియా దెయ్ సార్తి, అంటే దర్జీల వీధి. పదిహేనో శతాబ్దం చివరినాటి మినుచ్చి సొలాయినీ అనే భవనంలో, మెట్లెక్కి గదుల వెంట నడిచి వెళితే ఆ బొమ్మ ఎదురవుతుంది. నేను దాని ముందు అరగంటకు పైగా నిలబడ్డాను. అంతసేపూ ఆ గదిలోకి మరో మనిషి రాలేదు.

ఆ బొమ్మ పేరు 'శిలువ నుంచి దించుట'. వేసినవాడు ఫ్లోరెన్స్ నగరానికి చెందిన జొవన్నీ బత్తిస్తా ది యాకొపో. ఎర్రటి జుట్టు వల్ల లోకం అతన్ని రొస్సో ఫియొరెంతీనో, అంటే ఫ్లోరెన్స్ ఎర్రవాడు, అని పిలిచింది. 1494లో పుట్టిన అతను 1521లో, 27 ఏళ్ల వయసులో, ఈ బొమ్మ పూర్తిచేసి సంతకంతో పాటు సంవత్సరం కూడా వేశాడు. మూడు మీటర్లకు పైగా ఎత్తున్న చెక్క పలక మీద నూనె రంగులతో వేసిన బొమ్మ అది. ప్రాణం పోయిన యేసు దేహం ఆకుపచ్చ ఛాయకు తిరిగింది. దాన్ని దించడానికి నిచ్చెనలెక్కిన మనుషుల మధ్య పొందిక లేదు. ఒకడు పైనుంచి వంగి అరుస్తున్నట్టున్నాడు, మరొకడి పట్టు జారుతున్నట్టుంది, దేహం ఎవరి చేతుల్లోనూ పూర్తిగా నిలవలేదు. కింద మగ్దలేనే మరియ ఎర్రని వస్త్రంతో మోకాళ్ల మీద కూలి, తల్లి మరియ కాళ్లను చుట్టేసుకుంది. కుడివైపున యోహాను ముఖాన్ని చేతుల్లో దాచుకుని, నడుము వంగిపోయి, తనలో తానే ఏడుస్తున్నాడు. వెనుక ఆకాశంలో మబ్బు లేదు, లోతు లేదు. రంగు వేసిన గోడలా ఉంది. ఆ బట్టల మడతలు గుడ్డ మడతల్లా మెత్తగా లేవు, ఉలితో చెక్కిన అంచుల్లా ఉన్నాయి.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఆ బొమ్మలో ఉన్న కలప. శిలువ నిలువు దుంగ, అడ్డ దుంగ, వాటికి ఆనించిన మూడు నిచ్చెనలు, వాటి మెట్లు. బొమ్మ పైభాగమంతా కొయ్య గీతలతో నిండి ఉంది. మనుషులు ఆ గీతల మీద చిక్కుకున్నట్టు కనిపిస్తారు. ఒక దేహాన్ని దించే దృశ్యంలో కొయ్యకు ఇంత చోటు ఎందుకిచ్చాడో నాకు ఆ గదిలో అర్థం కాలేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

తిరిగి వచ్చాక, కళల మీద నాకన్నా ఎక్కువ తెలిసిన ఒక మిత్రుడికి ఈ విషయం చెబితే, అంత గొప్ప బొమ్మ ఖాళీ గదిలో ఉండటం అన్యాయమన్నాడు. ఫ్లోరెన్స్‌లోని పెద్ద మ్యూజియం ఉఫ్ఫీజీలో పెడితే రోజూ వేల మంది చూసేవారు కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉన్నట్టే వినిపిస్తుంది, అందుకే దానికి నిదానంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను. రొస్సో బొమ్మ వోల్తెర్రాలోనే ఉండాలనీ, అక్కడి మునిసిపల్ చిత్రశాల వంటి చోట్లు పెద్ద మ్యూజియాలకు చిన్న నకళ్లు కావనీ, అవి చేసే పని పెద్ద మ్యూజియాలకు చేతకాదనీ నా నమ్మకం.

మొదట, ఊరు దాటి వెళ్లిన ఒక బొమ్మ కథ చెబుతాను. వోల్తెర్రా చిత్రశాలలో లూకా సిన్యొరెల్లీ వేసిన బొమ్మలు రెండున్నాయి, రెండూ 1491 నాటివి. అందులో ఒకటి, గబ్రియేలు దూత మరియకు శుభవార్త చెప్పే ఘట్టం. దూత గాలిని వెంటబెట్టుకుని వచ్చినట్టు వస్త్రాలు ఎగురుతూ ఎడమవైపు నుంచి అడుగు వేస్తాడు. ఉలిక్కిపడ్డ మరియ చేతిలోని పుస్తకం నేల మీద పడింది. ఆ పడిపోయిన పుస్తకం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే మరియ భయాన్ని ముఖం కన్నా ముందు అదే చెబుతుంది. దాదాపు అదే కాలంలో సిన్యొరెల్లీ ఇదే ఊరిలోని సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో ఒక భక్త సమాజం కోసం బాల యేసుకు సున్నతి చేసే దృశ్యాన్ని వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు వోల్తెర్రాలో లేదు. చేతులు మారి ఇంగ్లండ్ చేరింది, 1882లో లండన్‌లోని నేషనల్ గ్యాలరీ దాన్ని కొన్నది.

లండన్‌లో నేను ఆ బొమ్మను వోల్తెర్రా ప్రయాణానికి చాలా ఏళ్ల ముందే చూశాను. చక్కగా ఉంచారు, వెలుతురు బాగుంది, ప్రవేశ రుసుము లేదు. అయినా అది నా మనసులో నిలవలేదు. గోడ నిండా ఆ కాలపు ఇటలీ బొమ్మలే. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచేటప్పుడు అది సిన్యొరెల్లీ శైలికి ఒక ఉదాహరణగా మాత్రమే కనిపించింది. పదహారో శతాబ్దంలో చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వాసారి చెప్పిన ఒక సంగతి నాకు తర్వాత తెలిసింది. తేమ వల్ల ఆ బొమ్మలోని పసిబిడ్డ రూపం పాడైతే, సోదొమా అనే మరో చిత్రకారుడు దాన్ని తిరిగి వేశాడట. ఉద్దండులు వేసిన బొమ్మను తక్కువ తెలిసినవారు సరిచేయడం కన్నా సగం చెడిన స్థితిలోనే ఉంచడం మేలని వాసారి బాధపడ్డాడు. ఏ తేమ అది? కొండ అంచున, పడమటి గాలికి ఎదురుగా నిలిచిన చర్చి గోడల తేమ. సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో పది నిమిషాలు నిలబడ్డవారికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. లండన్‌లో అదే సంగతి బొమ్మ పక్కన రాసి పెట్టినా సమాచారంగానే ఉండిపోతుంది.

ఇక్కడ నా వాదనకు ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయను. బొమ్మ పుట్టిన చోటే ఉండాలంటే, చిత్రశాల మాత్రం ఎందుకు? దేవాలయపు బలిపీఠం మీదనే వదిలేయాలి కదా? దీనికి జవాబు కూడా వోల్తెర్రాయే ఇస్తుంది. ఊరికి పడమట బాల్జె అనే కొండచరియలున్నాయి. మట్టి, ఇసుక పొరలు శతాబ్దాలుగా విరిగి లోయలోకి జారిపోతున్న భయంకరమైన చోటు అది. పదిహేడో శతాబ్దంలో సాన్ జుస్తో పాత చర్చిని ఆ చరియలు మింగేశాయి. వాటి అంచునే కమాల్దొలీ సన్యాసుల మఠం ఒకటుండేది. 1846 భూకంపం తర్వాత, చరియలు దగ్గరపడుతున్న భయంతో, 1861లో సన్యాసులు దాన్ని వదిలి వెళ్లిపోయారు. ఇప్పుడు అది శిథిలం. ఆ మఠం కోసం దొమెనికో గిర్లాందాయో 1492లో వేసిన బొమ్మ, మహిమతో వెలిగే క్రీస్తు, నేడు మునిసిపల్ చిత్రశాలలో ఉంది. పుట్టిన చోటే ఉండి తీరాలన్న పట్టుదలకు పోతే ఆ బొమ్మ మనకు దక్కేది కాదు.

ఆ గిర్లాందాయో బొమ్మలో క్రీస్తు కింద నలుగురు పునీతులున్నారు. బెనెడిక్టు, రొమువాల్దులను క్రైస్తవ లోకమంతా ఎరుగును. మధ్యలో మోకరిల్లిన ఇద్దరు స్త్రీలు అత్తీనియా, గ్రెచినియానా. ఈ పేర్లు వోల్తెర్రా వెలుపల దాదాపు ఎవరికీ తెలియవు. వారు ఆ ఊరు కొలుచుకున్న అమరులు, వారి అవశేషాలు ఆ మఠంలోనే ఉండేవి. మన ఊళ్లలో పొలిమేరన ఉండే అమ్మవారి పేరు పక్క మండలంలో తెలియనట్టే ఇదీను. ఈ బొమ్మను ఉఫ్ఫీజీకి తీసుకుపోతే గిర్లాందాయో చేతి పనిగా మిగులుతుంది, ఆ ఇద్దరు స్త్రీలు పేర్లు లేని ఆకారాలవుతారు. ఊరి చిత్రశాలలో ఉంటే, చూసినవాడు బయటకు వచ్చి పడమటికి నడిస్తే వారి మఠపు మొండిగోడలు కనిపిస్తాయి. బొమ్మను కాపాడటమూ, బొమ్మకు అర్థాన్నిచ్చే నేలకు దూరం చేయకపోవడమూ ఒకేసారి జరిగే చోటు ఇదొక్కటే. బలిపీఠం మొదటి పని చేయలేకపోయింది. రాజధాని నగరపు మ్యూజియం రెండో పని చేయలేదు.

ఇటలీలో ఇలాంటి చిత్రశాలలు ఇన్ని ఉండటానికి ఒక చట్టం కారణం. దేశం ఏకమయ్యాక 1866లో ప్రభుత్వం మఠాలను రద్దు చేసి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. ఆ చట్టంలోని 24వ నిబంధన మఠాల్లోని పుస్తకాలు, కళాఖండాలు ఆయా ప్రాంతాల్లోని గ్రంథాలయాలకు, మ్యూజియాలకే చెందాలన్నది. ఖజానా కోసం చేసిన కఠినమైన చట్టమే అయినా, ఆ ఒక్క నిబంధనలో గొప్ప విజ్ఞత ఉంది. వోల్తెర్రాలో చర్చిల బొమ్మలను ఒక్కచోట చేర్చి చిత్రశాలగా తీర్చడం 1905లో, కళాచరిత్రకారుడు కొర్రాదో రిచ్చి చొరవతో జరిగింది. మొదట ప్రియోరీ భవనంలో ఉండేది. 1208లో కట్టడం మొదలుపెట్టి 1257లో ముగించిన ఆ భవనం టస్కనీలోని పురపాలక భవనాల్లో అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ ఆ ఊరి పురపాలన అక్కడే. 1982లో చిత్రశాలను దర్జీల వీధిలోని భవనానికి మార్చారు. తద్దెయో ది బార్తొలో 1411లో వేసిన బంగారు పలకల బొమ్మ ఇప్పుడు అక్కడే ఉంది. అది ప్రియోరీ భవనంలోని ప్రార్థనామందిరం కోసమే పుట్టింది, అంటే మొదటి రోజు నుంచీ ఊరి సొమ్మే.

ఊరి సొమ్ము అన్న భావం వోల్తెర్రాకు కొత్తది కాదు. మారియో గ్వార్నాచ్చి అనే మతాచార్యుడు జీవితమంతా సేకరించిన ఎత్రుస్కన్ల (రోమన్లకు ముందు ఆ ప్రాంతంలో వెలిగిన జాతి) కాలపు పురావస్తువులను 1761లో వోల్తెర్రా పౌరులకు రాసిచ్చాడు. రాజుకో చర్చికో ఇవ్వకుండా పౌరులకు ఇచ్చాడన్నది గమనించాలి. ఆ మ్యూజియం ఐరోపాలోని తొలి ప్రజా మ్యూజియాల్లో ఒకటి. 1944 జూన్ చివర్లో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం ఊరి ఎత్రుస్కన్ ద్వారమైన పోర్తా ఆల్ ఆర్కోను పేల్చివేయాలనుకున్నప్పుడు, ఊరి జనం వీధిలో పరచిన రాళ్లను పెకలించి ఆ ద్వారాన్ని ఒక్క రోజులో మూసివేశారు. ద్వారం దారిగా పనికిరాకుండా పోయింది కనుక పేల్చే అవసరం లేకపోయింది. తమ రాయి కోసం అంత పని చేసిన మనుషుల పిల్లలకు తమ బొమ్మను చూసుకోవడం చేతకాదని నేను అనుకోను.

ఫ్లోరెన్స్ పేరెత్తినప్పుడు ఇంకొక జ్ఞాపకం కూడా కదులుతుంది. పటిక గనుల తగాదాతో 1472లో ఫ్లోరెన్స్ సైన్యం వోల్తెర్రాను ముట్టడించింది. ఊరు లొంగిపోయాక కూడా సైనికులు ఇళ్ల మీద పడి దోచుకున్నారు. ఆ వెంటనే ఫ్లోరెన్స్ పాలకుడు లొరెంజో దె మేదిచీ కొండ కొసన కట్టించిన కోట ఇప్పటికీ ఊరి మీద నిలబడి ఉంది, ఇప్పుడది కారాగారం. ఇప్పుడు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి: దోపిడీ 1472లో, సిన్యొరెల్లీ బొమ్మలు 1491లో, గిర్లాందాయో బొమ్మ 1492లో, రొస్సో బొమ్మ 1521లో. స్వాతంత్ర్యం పోగొట్టుకుని, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఊరు, ఒక తరం తిరిగేలోపే ఆ కాలపు మేటి చిత్రకారుల చేత బొమ్మలు వేయించుకుంది. ఇది తేదీల నుంచి నేను తీసిన ఊహే, పత్రాల సాక్ష్యం ఉందనడం లేదు. కానీ ఆ గదుల్లో వరుసగా నడిచినప్పుడు, ఒక ఊరు తిరిగి లేచి నిలబడటం చూస్తున్నానన్న భావన నన్ను వదల్లేదు. ఈ బొమ్మలను మళ్లీ ఫ్లోరెన్స్‌కే తరలిస్తే బాగుంటుందన్న సలహా ఆ కొండ మీద ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి.

ఇక మిత్రుడి ప్రధాన అభ్యంతరం, చూసేవారి సంఖ్య. ఉఫ్ఫీజీలో వేల మంది చూస్తారన్నది నిజం. ఎలా చూస్తారన్నది కూడా అడగాలి. పెద్ద మ్యూజియంలో గది గదికీ ఒక మహాకావ్యం ఉంటుంది. ఒకదాన్ని తలకెక్కించుకునేలోపు మరొకటి పిలుస్తుంది, వెనుక జనం తోస్తుంటారు. అక్కడ నేనూ అలాగే చూశాను, బొమ్మకు ఒక నిమిషం ఇవ్వగలిగితే గొప్ప. వోల్తెర్రాలో ఒక్క బొమ్మకు అరగంట ఇవ్వడానికి నేను ప్రత్యేకంగా ఓపిక తెచ్చుకోనక్కర్లేకపోయింది. అంత దూరం ఎక్కి వెళ్లడమే చూపును సిద్ధం చేసింది. తిరుమల మెట్లు ఎక్కి వెళ్లినవారికి ఈ మాట వేరే వివరించనవసరం లేదు.

డబ్బు గురించిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. పది వేల లోపు జనాభా ఉన్న పురపాలక సంఘం, ఊరి గోడలూ పాత భవనాలూ ఎత్రుస్కన్ ద్వారమూ అన్నీ చూసుకుంటూ, ఐదు వందల ఏళ్ల నాటి చెక్క పలకలకు కావలసిన తేమనూ ఉష్ణోగ్రతనూ కాపాడాలి. 2014 జనవరి చివర్లో భారీ వర్షాలకు వోల్తెర్రా మధ్యయుగపు ప్రాకారంలో ఒక పెద్ద భాగం కూలిపోయింది. ఆ భారం చిన్నది కాదని ఒప్పుకుంటాను. అయితే దానికి విరుగుడు బొమ్మను డబ్బున్న చోటికి పంపడమంటే నేను ఒప్పుకోను. డబ్బునే బొమ్మ ఉన్న చోటికి పంపాలి. నిపుణులు కొండ ఎక్కవచ్చు, పరికరాలు ఎక్కవచ్చు. దేశమంతటికీ గర్వకారణమైన బొమ్మను ఒక చిన్న ఊరు కాపాడుతున్నప్పుడు ఖర్చులో దేశానికీ వాటా ఉండాలి. పేద ఇంటి బిడ్డను ధనవంతుల ఇంట పెంచితే బాగుంటుందనే వాదనను మనం బిడ్డల విషయంలో ఒప్పుకోం.

గుంటూరు జిల్లాలో పుట్టిన నాకు ఈ విషయంలో తటస్థంగా ఉండటం సాధ్యం కాదు. సిన్యొరెల్లీ బొమ్మ ఉన్న లండన్‌లోనే, అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో, బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలు 100కు పైగా ఉన్నాయి. కల్నల్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూసేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాల కోసం అందులోని ఇటుకలు, రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, 1859లో వాటిలో చాలా భాగం ఓడెక్కాయి. మనవాళ్లు కాపాడుకోలేదు కనుక వారు పట్టుకుపోవడం మేలైందనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. అందులో మొదటి సగం నిజం కావచ్చు. కానీ ఆ లండన్ గదిలో, స్తూపం ఎలా ఉండేదో స్తూపం మీదే చెక్కి చూపిన పలక ముందు నిలబడితే, ఆ పల్నాటి రాయికి కృష్ణ ఒడ్డున ఎండ పడితే ఎలా ఉంటుందో ఊహించుకోవలసిన పరిస్థితి నాది. గాజు వెనుక చల్లటి దీపకాంతిలో అది మరో రాయి. బాల్జె అంచు నుంచి గిర్లాందాయో బొమ్మను ఊరిలోకి మోసుకొచ్చినట్టు, అమరావతి రాళ్లను అమరావతిలోనే ఒక కప్పు కింద చేర్చగలిగిన పురపాలక చిత్రశాల అప్పుడు మనకు లేకపోయింది. ఇప్పుడు అక్కడ పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, మిగిలిన రాళ్లు ఉన్నాయి. గుంటూరు, విజయవాడల నుంచి గంటన్నర దూరం కూడా లేని ఆ మ్యూజియాన్ని ఒక్కసారీ చూడకుండా లండన్ శిల్పాల కోసం బాధపడేవారిని చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది, ఎందుకంటే చాలాకాలం నేనూ అదే చేశాను.

కొయ్య సంగతి మిగిలి ఉంది. చిత్రశాల నుంచి బయటికి వచ్చాక, రొస్సో బొమ్మ మొదట ఎక్కడ ఉండేదో చూడాలనిపించి సాన్ ఫ్రాంచెస్కో చర్చికి నడిచాను. పది నిమిషాల దారి. దారి పొడవునా దుకాణాల్లో అలబాస్టర్ చెక్కేవారి పనితనం, ఆ తెల్లటి మెత్తని రాతి లోపలి నుంచి దీపం వెలిగినట్టు కనిపించే కాంతి. చర్చికి ఆనుకుని పగటి శిలువ సమాజం అనే భక్త సమాజపు ప్రార్థనామందిరం ఉంది. 1410లో చెన్ని ది ఫ్రాంచెస్కో దాని గోడల నిండా శిలువ కొయ్య కథను వేశాడు. ఆదాము సమాధి మీద నాటిన కొమ్మ చెట్టు కావడం, ఆ కొయ్యే శిలువ కావడం, భూమిలో పాతిపెట్టిన దాన్ని హెలెనా రాణి తవ్వి తీయించడం, శత్రువులు ఎత్తుకుపోవడం, తిరిగి యెరూషలేము చేరడం. గోడ తర్వాత గోడ, కథానాయకుడు కొయ్యే. రొస్సోకు ఈ గదిలో బలిపీఠం మీద పెట్టే బొమ్మ వేయమన్నారు. 1521లో అతను ఈ గోడల మధ్య నిలబడి చూసే ఉంటాడు. చుట్టూ ఉన్న బొమ్మల్లో కొయ్య పుట్టింది, పాతిపెట్టబడింది, దొరికింది. యేసు దేహం దాన్ని విడిచే ఆ ఒక్క క్షణాన్ని అతను బలిపీఠానికి తెచ్చాడు. అందుకే ఆ దుంగలు, అందుకే ఆ మూడు నిచ్చెనలు.

అప్పటికి సాయంత్రం నాలుగు దాటింది. చిత్రశాల మూసే వేళకు ఇంకా కొంత వ్యవధి ఉంది. నేను దర్జీల వీధికి తిరిగి నడిచి, టికెట్ ఇచ్చే ఆమెకు పొద్దున్న కొన్న చీటీ చూపించి, మళ్లీ పైకి వెళ్లాను.